కుళ్లు వాసన

రేవతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వాకిట్లో మెట్ల మీద కూతురు కీర్తన హోంవర్క్ పుస్తకం తెరుచుకుని కూర్చుంది. పక్కనే మారప్ప.

మదనపల్లె టమోటా మార్కెట్లో కుళ్లిన కాయలు ఏరే ముసలాయన. ఆ రసం చొక్కా మీద ఎండి అట్టకట్టింది. ఎంత కడుక్కున్నా కంపు పోదు. సీజన్‌కని తంబళ్లపల్లె నుంచి వచ్చి ఎదురు గదిలో దిగాడు. ఆయన అటు నడిస్తేనే రేవతి తలుపు వేసేసేది.

మూడో తరగతి కీర్తనకు మొదట్నుంచీ చదువంటే చేదు. ఇంకో ఏడు ఇదే క్లాసులో ఉంచుతామని బడివాళ్లు చెప్పేశారు. ఏడుస్తూనే ట్యూషన్‌కు పోయింది. ఈమధ్య అడక్కుండానే హోంవర్క్ చేస్తోంది, మార్కులూ పెరిగాయి. అంతా ట్యూషన్ సార్ పుణ్యమే అనుకుంది రేవతి.

ఇప్పుడీ కంపు మనిషి మురికి వేలు పేజీ మీద పెట్టడమేమిటి? ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, నీకు ఈడేం పని? పాప దగ్గరికి రావద్దు. నీ వాసనకు తిన్న కూడు కూడా నిలవదు."

మారప్ప వేలు తీసేశాడు.

"తప్పయిపాయ తల్లీ. పాపనేమీ అనొద్దు."

మర్నాటికి గది ఖాళీ. రేవతి ఫినాయిల్ పోసి మెట్లు కడిగింది. అయినా తృప్తి లేక రోజూ కడిగింది.

కీర్తన మళ్లీ పుస్తకం మూసేసింది. ట్యూషన్ సార్ చేతులెత్తేశాడు. రేవతి కొడితే, మారప్ప తాత ఉంటేనే చదువుతానని మొండికేసింది.

అంత బాగా చెప్పేవాడా ఆ ముసలాయన? పిల్ల ఏడాది పోతుందన్న భయంతో రేవతి మార్కెట్‌కు పరుగెత్తింది.

"మారప్పా? ఊరికి పోయినాడమ్మా," అన్నాడు అక్కడి హమాలీ. "బస్సు బోర్డు తనే సదువుకోని, మురిసిపోతా ఎక్కినాడు. మళ్లీ వస్తాడో రాడో."

ఇంటికి తిరిగొచ్చేసరికి మెట్ల మీద ఫినాయిల్ వాసన గుప్పుమంది. రేవతికి తన మీద తనకే రోత పుట్టింది.

కూతురి పక్కన మెట్టు మీద కూర్చుంది. తాత ఎట్లా చెప్పేవాడో చెబితే తానూ అట్లాగే చెబుతానని బతిమాలింది.

కీర్తన తల అడ్డంగా ఊపింది.

"తాతకు సదవడమే రాదుమా. స్కూల్లో బాగా ఇనుకోనొచ్చి నేనే తాతకు సెప్తాంటి. ఇప్పుడు నేర్సుకోని ఎవురికి సెప్పల్ల?"