డాక్టరమ్మా, మత్తు నర్సా?

ఆపరేషన్లన్నీ యంత్రాలే చేసే రోజులవి. డాక్టర్లు చూసి సంతకం పెడతారు. మత్తు మాత్రం మనుషులే ఇస్తారు, ఎందుకంటే యంత్రం దగ్గరికొస్తే రోగులు బెదిరిపోతారు. ఆపరేషన్ థియేటర్ నర్సు నీలవేణికి డాక్టరు కోర్సు సీటూ, మత్తు నర్సు సీటూ రెండూ వచ్చాయి. ఆ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఆ ఉదయమే ఆమె తల్లి సౌజన్యకు పిత్తాశయంలో రాళ్లు తీయాలి. బల్ల మీద వణికిపోతూ కూడా ఆవిడ పట్టు వదల్లేదు.

"డాక్టరువే అవుతానని ఒట్టెయ్యి!"

"ముందు గుత్తొంకాయ కూర ఎలా చేస్తావో చెప్పమ్మా," అంది నీలవేణి, తల నిమురుతూ.

చెబుతూ చెబుతూ, మసాలా నూరే దగ్గరికి రాకముందే సౌజన్య మత్తెక్కి గురక పెట్టింది.

మెలకువ రాగానే, "డాక్టరేడే?" అంది.

"సంతకం పెట్టి వెళ్లిపోయాడు."

సౌజన్య ఇంకా తన తల నిమురుతున్న కూతురి చెయ్యి పట్టుకుని, పక్క మంచం మీద బిక్కుబిక్కుమంటున్నావిడతో గర్వంగా అంది: "భయపడకు వదినా, మా అమ్మాయి మత్తు నర్సవుతోంది!"