ఏడు శాతం

మల్లేష్ గోంగూర ఆకు తుంపుతున్నాడు. రెండు కాడలు తుంపడం, పక్కనున్న ఫోన్ చూడటం. అతను నైట్ డ్యూటీకి పోయేలోపు కూర కావాలని భార్య అలేఖ్య పొద్దున్నే చెప్పి పోయింది.

ఆరు దాటింది. ఫోన్ చూసి, "రేషన్ షాపు కాడికి వచ్చింది" అనుకున్నాడు. కాసేపటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ఆమె టిఫిన్ బాక్సు కింద పెట్టకముందే చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇటియ్యి. ఛార్జింగ్ పెడ్త."

"నన్ను గూడ పెట్టరాదు. నేను గూడ అయిపోయిన," అని నవ్వుతూ ఇచ్చింది అలేఖ్య.

ఫోన్ పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా కాలుతోంది. ఏడు శాతం. పొద్దున వైరు పీకి ఇచ్చింది అతనే. అప్పుడు నిండా నూరు.

కాజీపల్లిలో ఆమె పనిచేసే మందుల కంపెనీలోకి ఫోన్ రానివ్వరు. గేటు దగ్గర చెక్క డబ్బాలో పెట్టి, టోకెన్ తీసుకుని లోపలికి పోవాలి. సాయంత్రం టోకెన్ ఇస్తేనే ఫోన్ చేతికొస్తుంది. పొద్దంతా డబ్బాలో పడుకున్న ఫోన్‌కి ఛార్జి ఎట్లా దిగుతుంది?

ఫోన్ల సంగతి మల్లేష్‌కి బాగా తెలుసు. మూడు షాపులు తిరిగి, వీడియోలు చూసి, దీన్ని కొన్నది తనే. ఐదు వేల ఎంఏహెచ్ బ్యాటరీ, ఎనిమిది జీబీ ర్యామ్. మొదట్లో ఒకసారి ఎక్కిస్తే రెండు రోజులు వచ్చేది. ఉగాది దాటిన దగ్గర్నుంచి ఇదీ వరస. వేలు పెడితే ఎప్పటికో తెరుచుకుంటుంది. రోజుకిచ్చే రెండు జీబీ డేటా మధ్యాహ్నానికే ఖతం.

ఫోన్ అబద్ధం ఆడదు. ఆడితే మనిషే ఆడాలి.

"డబ్బాల పెడ్తలేవా?"

"పెట్టకుంటే లోపలికి పోనిస్తరా? రోజూ నాది డెబ్బై మూడో నంబరే."

"మరెట్ల కాలుతది?"

"సెక్యూరిటోళ్ళు చాయ్ గిలాసలు ఆ డబ్బా మీదనే పెడ్తరు. ఆ సెగకేమో."

మల్లేష్ నవ్వలేదు. కిందకి దిగి, కింది గదిలో ఉండే కౌసల్యను అడిగాడు. ఆమెదీ అదే కంపెనీ, అదే ప్యాకింగ్.

"నా పక్క కుర్సీలనే కూసుంటది తమ్మి. బాత్రూముకు పోయినా చెప్పే పోతది. ఏంది, నీ పెండ్లానికి నన్ను కావలి పెట్టినవా?"

ఇద్దరూ ఒక్కటయ్యారని అతనికి అర్థమైంది.

అలేఖ్య స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్ తిప్పి చూశాడు. వాళ్ళమ్మ, వాళ్ళన్న, కౌసల్య. అంతకుమించి ఒక్క నంబరు లేదు. ఉండి ఉంటే బాగుండేదనిపించింది. ఒక్కటీ లేదంటే తుడిచేస్తోందన్నమాట.

డ్యూటీలో మిషన్ ముందు నిలబడ్డా చెవుల్లో ఒకటే రొద. ఎవడో మగవాడి నవ్వు. కుర్చీ జరిపిన చప్పుడు. "చాయ్ లావ్ భయ్యా" అనే గొంతు. ఎవడిదా గొంతు? ముఖం మాత్రం దొరకడం లేదు.

రెండు రోజుల తర్వాత అలేఖ్యే అంది, "పటాన్‌చెరుల బాగుచేసే షాపున్నదంట. జెర చూపిస్త."

"వద్దు. షాపోళ్ళు లోపలున్న ఫోటోలన్నీ కాపీ చేస్కుంటరు. కొత్తది కొనిస్త. అన్నీ నేనే వేసిస్త."

"మంచిగున్న ఫోన్‌ను ఎందుకు పారేసుడు?"

"మంచిగుంటే గిట్లెందుకు కాలుతది? ఆదివారం దాకా చూస్త. ఇగ ఏమన్న తేడా కనవడ్డదో, నీ పని బంద్."

అలేఖ్య ముఖంలో నవ్వు పోయింది. "మూడేండ్లు కాంట్రాక్టుల చేసిన. వచ్చే నెల పర్మనెంట్ చేస్తమన్నరు. ఫోన్ వేడెక్కుతున్నదని నా పని బందా?"



శనివారం ఆమె వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. కడిగిన బియ్యం కడిగినట్టే ఉన్నాయి. మల్లేష్ గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు.

"పటాన్‌చెరు అంగడి సందుల నలభై నిమిషాలు ఏం పని నీకు?"

ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ ఆగింది అలేఖ్య.

"ఎవరు చెప్పిన్రు?"

"చూసినోళ్ళు చెప్పిన్రు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఫోన్ షాపుకు పోయిన."

"వద్దన్న గద."

"బ్యాటరీ మంచిగనే ఉన్నదంట. ఫోన్‌కు ఏ రోగం లేదంట. దాన్ని ఎవరో పండనిస్తలేరంట. డబ్బాల ఉన్నా సరే, రోజంత లేపుతనే ఉన్నరంట."

 ఇన్నాళ్ళూ మల్లేష్ మొత్తుకుంటున్నది అదే. ఇప్పుడు ఆమె నోటితోనే బయటపడింది. లేచి నిలబడ్డాడు.

"ఎవడు వాడు?"

అలేఖ్య ఫోన్ తీసి బియ్యం డబ్బా మీద పెట్టింది. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది.

ఉగాది నాడు మల్లేష్ ఆ ఫోన్‌లో దాచిపెట్టిన యాప్, రోజూ గేటు దగ్గరి డబ్బాలోంచి పంపినట్టే, అది ఉన్న చోటునీ చుట్టూ ఉన్న చప్పుడునీ అతని ఫోన్‌కి పంపుతూనే ఉంది, అతని ఫోన్ మ్యాపులో ఎర్ర చుక్క బియ్యం డబ్బా మీదే కదలకుండా ఉంది, అలేఖ్య మాత్రం గడప దాటి వెళ్ళిపోయింది.