ఆదివారం అరగంట

"అమ్మ ఎట్లుండాది నాయనా?"

"దానికేం, గుండ్రాయి మాదిరి ఉండాది" అన్నాడు చిక్కమునియప్ప, కొడుకు ముఖంకేసి చూడకుండా.

పెళ్ళాం కెంపమ్మ పోయి అప్పటికి నెల దాటింది. కొడుకు పెట్టాల్సిన కొరివి చిక్కమునియప్పే పెట్టాడు. వెంకటరమణకు కబురు చెయ్యలేదు. ఇంటరు పరీక్షలయ్యేదాకా ఎవరూ వాడి చెవిన వెయ్యకూడదని ఒట్టు వేయించుకున్నాడు. వర్తూరులో తమవాళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది వాడొక్కడే మరి. రాతిగుండె మనిషని ఊరు తిట్టింది. పడ్డాడు.

పల్లె పిల్లలకు చదువుకునే వేళలు తెలియవని బెంగళూరు హాస్టల్లో వార్డెను ఒక్కొక్కరికీ టైంటేబులు రాసి గోడకు అంటించాడు. అందులో ఇంటివాళ్ళకు మిగిలింది ఆదివారం అరగంట. దానికోసం చిక్కమునియప్ప సద్దిమూట పట్టుకుని తెల్లారకముందే బయల్దేరేవాడు. ఆ అరగంటా చచ్చినదాన్ని బతికించి మాట్లాడాలి. అబ్బ, అంతకన్నా ఎండలో మడి దున్నడం సుఖం.

"సద్ది అమ్మే కట్టిందా?"

"మరింకెవురు కడతారు?"

కట్టింది చెల్లెలు సొన్నమ్మ.

"పోయిన వారం పులుసులో ఉప్పు మరిచింది. అమ్మకి చెప్పు నాయనా."

"చెప్తాలే." సద్దిమూట కొడుకు ముందుకు జరిపాడు. "నా ఎదురుగా రెండు ముద్దలు తినరాదా బిడ్డా?"

"తినేదానికి ఇంకా టైము కాలేదు. నువ్వు బయల్దేరు, నేను చదువుకోవాల."

ఎంత బుద్ధిమంతుడో అని మురిశాడు. ఆ మురిపెం చెప్పుకునే మనిషి ఇంట్లో లేదని గుర్తొచ్చి, బస్సు దాకా ఏడ్చుకుంటూ నడిచాడు.

ఆఖరి పరీక్ష నాడు వచ్చి హాస్టలు అరుగుమీద కూలబడ్డాడు. కొడుకు ఇంకా రాలేదు. వంట పాపయ్య మంచినీళ్ళు తెచ్చి, "ఏమప్పా, అట్లుండావు?" అన్నాడు.

అంతే, కట్ట తెగింది.

"వాళ్ళమ్మ పొయ్యింది పాపయ్యా! చదువు చెడిపోతాదని దాచినా. ఈ పొద్దు చెప్పాల. కడచూపు కూడా లేకుండా చేసినావే నాయనా అంటే నేనేం చెప్పేది?"

పాపయ్య తెల్లబోయాడు.

"అదేందప్పా! నువ్వు అట్ల గడప దాటంగానే, ‘ఇది మా అమ్మకి’ అని తొలిముద్ద కాకికి పెట్టకుండా ఇన్ని ఆదివారాల్లో ఒక్కనాడూ మీవోడు సద్ది తిన్లేదే!"