మోసుకెళ్లిన ఓట్లు

"కుర్చీ వదులు. ముందు చూసింది నేను" అన్నాడు గొడుగు పార్టీ కార్యకర్త.

"చూసింది నువ్వయితే కూర్చోబెట్టింది నేను. నువ్వే వదులు" అన్నాడు నిచ్చెన పార్టీ కార్యకర్త.

కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒకడి పట్టులో ఉంది, ఎడమచెయ్యి ఇంకొకడి పట్టులో ఉంది. కుర్చీ చేతులే లెండి, ఆవిడవి కాదు. పోలింగు జరుగుతున్నది గ్రంథాలయం పై అంతస్తులో. లిఫ్టు లేదు. గేటు మూసే వేళ దగ్గరపడుతోంది. పోయినసారి ఈ వార్డులో గొడుగు గెలిచింది వేళ్ల మీద లెక్కపెట్టే ఓట్ల తేడాతో. అందుకే ఇవాళ ఒక్కో ఓటూ ఇద్దరికీ ప్రాణంతో సమానం.

"మీరిలా కొట్టుకుంటుంటే నేను కిందే ఉండిపోతాను నాయనా" అంది పెద్దావిడ. "పోయినసారి అదే అయింది. ఈ మెట్లు చూసి ఇంటికి తిరిగి వెళ్లిపోయాను. ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. ఈసారి మాత్రం ఓటు వెయ్యందే కదలను."

ఇద్దరూ కుర్చీతో సహా మెట్ల దగ్గరికి వచ్చేసరికి కానిస్టేబులు అడ్డం నిలబడ్డాడు.

"పార్టీవాళ్లు పైకి వెళ్లకూడదు. ఇంట్లోవాళ్లయితేనే సాయం పట్టాలి. ఈవిడ మీకేమవుతుంది?"

"మా పెద్దమ్మ" అన్నాడు గొడుగు.

"మా పెద్దమ్మ" అన్నాడు నిచ్చెన, రెప్పపాటు కూడా వెనకబడకుండా.

కానిస్టేబులు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "అంటే మీరిద్దరూ అన్నదమ్ములన్నమాట. సరే, ఆ బ్యాడ్జీలు తీసి నాకిచ్చి చెరోవైపు పట్టండి."

ఎన్నికలు ప్రకటించిన రోజు నుంచి ఒకరి పోస్టరు మీద ఒకరు పోస్టరు అంటించుకుంటున్న ఇద్దరు మనుషులు ఒకే కుర్చీ మొయ్యడం చూసి తీరాల్సిందే. నిచ్చెనకు ఓట్లడిగినవాడికి మెట్లెక్కడం చేతకాదని మొదటి మలుపులోపే తేలిపోయింది.

"అన్నా, నీ వైపు వాలిపోతోంది."

"నీ వైపు లేస్తోంది తమ్ముడూ. పెద్దమ్మ జాగ్రత్త."

మలుపులో ఊపిరి తీసుకోవడానికి దించారు. పెద్దావిడ మాత్రం హాయిగా ఉంది.

"మీ పార్టీ గెలిస్తే వచ్చేసారి పోలింగు కింద పెట్టిస్తారా?"

"మొదటి సంతకం దాని మీదే" అన్నాడు గొడుగు.

"మాకు సంతకం దాకా ఎందుకు? గెలిచిన పూటే పెట్టించేస్తాం" అన్నాడు నిచ్చెన.

"ఇంకెవరన్నా పోటీలో ఉన్నారా?"

"ఎవరో ఒకరిద్దరు ఉన్నార్లే పెద్దమ్మా. వాళ్ల మొహాలు మేమే చూళ్లేదు. వాళ్లకి వేస్తే ఓటు గంగపాలే."

"ఓటు అందరికీ ఒకటే అంటారు. మెట్లు మాత్రం కొందరివే" అందావిడ. ఇద్దరూ తలలూపారు. తలూపడానికి ఖర్చేముంది.

పైన ఆవిడ లోపలికి వెళ్లి, ఓటు వేసి, వేలి మీద సిరా చూసుకుంటూ బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ సంతోషం చూసి ఇద్దరికీ ఎందుకో కళ్లు చెమర్చాయి. రాజకీయాల్లో ఉన్నా మనుషులే కదా.

"ఇంకొక్క సాయం నాయనా. మా స్నేహితులు కొందరు కింద గేటులోపలే ఉన్నారు. నా మాట కాదనరు. మేమందరం కలిసి ఒకరికే వేద్దామనుకున్నాం."

ఒకరికే అనగానే ఇద్దరి చెవులూ నిక్కాయి. వరండాలోంచి తొంగి చూశారు. చేతికర్రలవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు, కాలికి కట్టుతో ఒక కుస్తీ మాస్టారు, నెలలు నిండిన ఒకమ్మాయి. ఆ గుంపు ఎటు మొగ్గితే గెలుపు అటే. ఇద్దరూ పోటీపడి కిందికి పరుగెత్తారు.

"వీళ్లందరూ మీ పెద్దమ్మలేనా?" అన్నాడు కానిస్టేబులు.

"ఈయన మా బాబాయి" అన్నాడు గొడుగు, కుస్తీ మాస్టారి బరువుకు నడుం పట్టుకుంటూ.

"మాది పెద్ద కుటుంబం" అన్నాడు నిచ్చెన.

కానిస్టేబులు మొదట గదిమాడు, తరవాత నవ్వాడు, ఆఖరికి తనే వచ్చి కుర్చీ కాళ్లు పట్టుకున్నాడు. పైకీ కిందికీ తిరిగేసరికి అన్నదమ్ములిద్దరికీ అడుగు కలిసింది. ఒకడు "ఊ" అంటే రెండోవాడు ఎత్తుతున్నాడు. ఆ అమ్మాయిని గాజుబొమ్మలా పైకి చేర్చినప్పుడు మెట్ల మీదున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

చివరి ఓటు కూడా పడింది. ఇద్దరూ పై మెట్టు మీద చతికిలబడి, ఒకే సీసాలో నీళ్లు తాగుతూ, ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వుకున్నారు. పెద్దావిడ తన చేతిరుమాలుతో ఇద్దరి మొహాలూ తుడిచింది.

"పెద్దమ్మా, ఈ అలసట తీరేలా ఒక్క మాట చెప్పు" అన్నాడు నిచ్చెన. "అందరూ దేనికేశారు? గొడుగుకా, నిచ్చెనకా?"

"ఓటు రహస్యం కదరా."

"ఇంట్లోవాళ్ల దగ్గర రహస్యమేంటి?" అన్నాడు గొడుగు.

"అదీ నిజమే. ఇంత చేసిన మీ దగ్గర దాపరికం దేనికి" అంది పెద్దావిడ. "పైగా ఎల్లుండి మళ్లీ మీతోనే పని."

"ఎల్లుండేముంది?"

"ఓట్ల లెక్కింపు కూడా ఈ పై అంతస్తులోనేనట. ఎంతయినా అభ్యర్థిని, నేనే లేకపోతే ఎలా నాయనా?"