పగటి మంచం

కమలాకర్ కుడి మోకాలు పోయింది పరమేశ్వర్ వల్లే. సూరత్ పాండేసర తెలుగువాళ్లలో ఈ సంగతి తెలియనివాడు లేడు.

అప్పట్లో ఇద్దరూ పవర్‌లూమ్ సాంచాల మీద బట్ట నేసేవారు. ఒకే ఊరివాళ్లు. ఒకే గది, ఒకే మంచం. కమలాకర్‌ది పగటి పాళీ, పరమేశ్వర్‌ది రాత్రి పాళీ. ఒకడు లేచి పనికి పోతే రెండోవాడు వచ్చి ఆ వెచ్చటి పరుపు మీదే ఒరిగేవాడు. సూరత్‌లో మంచానికి కూడా సెలవు లేదు.

ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు. మామూలు ఆటగాళ్లు కారు. రాష్ట్ర జట్టు ఎంపికకు పాండేసర నుంచి ఒక్కడినే పంపుతామన్నారు. అయితే కమలాకర్, లేదంటే పరమేశ్వర్. మూడోవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.

ఎంపిక దగ్గర పడుతుండగా కమలాకర్‌కు జ్వరం తగిలింది. మిట్టమధ్యాహ్నం సాంచా దగ్గరే కూలబడ్డాడు. తోటివాళ్లు గదికి మోసుకొచ్చారు. నిద్రపోతున్న పరమేశ్వర్ లేచి మంచం ఖాళీ చేశాడు.

"నువ్వు పండుకో అన్నా. నేను వొయ్యి గోలీలు తెస్త" అన్నాడు.

తన దుప్పటి తానే తెచ్చి తలదాకా కప్పాడు. బయటికి వెళ్లిపోయాడు.

కమలాకర్‌కు ఒళ్లు తెలియలేదు. తెలిసేసరికి గదిలో ముగ్గురున్నారు. ఇనుప రాడ్డు మోకాలి మీద పడింది. మళ్లీ పడింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అరిచి, పొర్లితే దుప్పటి జారింది. కొట్టినవాడు కమలాకర్ ముఖం చూశాడు. రాడ్డు అక్కడే పడేసి పరుగెత్తాడు. మిగతా ఇద్దరూ వాడి వెనకే.

పోలీసులు అడిగితే, ముఖాలు చూడలేదన్నాడు కమలాకర్. మనవాళ్లు అడిగితే మాత్రం ఒకటే మాట అన్నాడు.

"నన్ను ఆ మంచంల పండవెట్టి పోయింది పరమేశ్వర్."

ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. పరమేశ్వర్ రాష్ట్రానికి ఆడాడు. తర్వాత సూరత్‌లోనే వరాఛా పేటలో కోచ్ అయ్యాడు. పాండేసరలో అతనికి మంచినీళ్లిచ్చినవాడు లేడు.

కమలాకర్ భార్య భాగ్యలక్ష్మి ఆ కుంటికాలికి నూనె రాస్తూ పరమేశ్వర్‌ను తిట్టేది. తిట్టి తిట్టి, ఒకనాడు జబ్బుచేసి పోయింది. శవం మీద పూలు వేద్దామని వచ్చిన పరమేశ్వర్ నెత్తిని కమలాకర్ చేతికర్రతో పగలగొట్టాడు. పాడె పక్కనే రక్తం కారింది. ఎవరూ అడ్డం రాలేదు.

కుంటికాలితో సాంచా నడవదు. పాండేసర పక్కనే భేస్తాన్‌లో ఒక బడివాళ్లు ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా పెట్టుకున్నారు. ఆ పిల్లలకు బంతి పట్టడం కంటే ముందు మోచెయ్యి విసరడం నేర్పాడు కమలాకర్. రిఫరీకి కనపడకుండా పక్కటెముకల్లో పొడవడం నేర్పాడు. జట్టు గెలుస్తూ వచ్చింది.

ఇవాళ ఫైనల్. అవతలిది పరమేశ్వర్ జట్టు. అందులో అందరికంటే ఎత్తుకు ఎగిరేది అతని కూతురు సింధూజ. కమలాకర్‌కు కప్పు అక్కర్లేదు. ఆ పిల్ల మోకాలు కావాలి.

విరామంలో ఊర్మిళను పక్కకు పిలిచాడు. అతని జట్టులో గట్టి పిల్ల.

"అది ఎగిరి దిగేటప్పుడు కింద నీ పాదం పెట్టు."

"కాలు ఇరుగుతది గద సార్."

"ఇరగనీ. నాది ఇరగలేదా?"

"మీ కాలు సింధూజ ఇరగ్గొట్టిందా సార్?"

చెంప ఛెళ్లుమంది. ఊర్మిళ పెదవి చిట్లింది. నెత్తురు మింగి ఆటలోకి వెళ్లింది.

ఆట ముగియవచ్చింది. సింధూజ బంతి విసరడానికి గాల్లోకి లేచింది. దిగేచోట ఊర్మిళ పాదం ఉంది. మోకాలు పక్కకు మడతపడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. పిల్ల కేక పెట్టి సిమెంటు మీద దొర్లింది.

"అరే కోచ్ సాబ్, బాస్కెట్‌బాల్ హై యా కుస్తీ?" అన్నాడు చూసేవాళ్లలో ఒకడు. ఎవరూ నవ్వలేదు.

పరమేశ్వర్ కూతురి దగ్గర కూర్చున్నాడు. ఆమె కాలు చూశాడు. లేచి కమలాకర్ దగ్గరికి వచ్చాడు. చెయ్యెత్తుతాడని అందరూ అనుకున్నారు. ఎత్తలేదు.

"ఇగ సాలు అన్నా. నీకు జరం ఉన్నదని నా మంచం నీకిచ్చిన, గంతే. నేను గోలీలు తెచ్చేసరికి నువ్వు నెత్తుట్ల ఉన్నవ్. వచ్చినోళ్లెవలో నాకు తెల్వది. నా బిడ్డ మీద ఒట్టు."

కమలాకర్ పక్కనున్న ఇనుపకుర్చీ ఎత్తి అతని మూతి మీద కొట్టాడు. పరమేశ్వర్ మోకాళ్ల మీద పడ్డాడు. పన్ను ఊడి నేల మీద పడింది. మళ్లీ ఎత్తబోతే నలుగురు పట్టుకున్నారు.

"నువ్వు మంచం ఇయ్యకపోతే నా కాలు నాకుంటుండె" అని అరిచాడు కమలాకర్.

ఊర్మిళ సింధూజ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తూనే తలెత్తింది.

"మరి ఆ ముగ్గురిని పంపిందెవలు సార్?"

"ఆ ముచ్చట ఇంకోసారి నా ముందర తీయకు."

పగటిపూట ఆ మంచంలో ముసుగుతన్ని పడుకునేది పరమేశ్వర్ ఒక్కడేనని చెప్పి, రాడ్డు చేతికిచ్చి ఆ ముగ్గురినీ పంపింది తానేనన్న మాట కమలాకర్ భాగ్యలక్ష్మికే చెప్పలేదు, ఇక ఎవరికీ చెప్పడు.