పడుకుని చూసిన బండి

“ఆ బండి నీకొద్దు బాబూ.”

నీలం వ్యాను రేకు మీద పిడికిలితో కొట్టి చూస్తున్న వాసుదేవరావు వెనక్కి తిరిగాడు.

పాత టైరు మీద కూర్చుని ఒకతను బీడీ కాలుస్తున్నాడు. మాసిన ఖాకీ చొక్కా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

“నువ్వెవరివి?”

“సొలొమోనంటారు.”

వాసుదేవరావు మొహం తిప్పుకున్నాడు. దుర్గ్ రోడ్డు మీద పాత బండ్లమ్మే ఈ షెడ్డులో ఇలాంటివాళ్లు ఈగల్లా ముసురుతారు. పిలవకుండానే సలహా చెబుతారు, ఆనక చెయ్యి చాపుతారు.

పదేళ్లు భిలాయి ప్లాంటులో ఇనప దూలాలెత్తాడు వాసుదేవరావు. దూలాలు పైన నిలబడ్డాయి, ఎత్తినవాళ్లని పొమ్మన్నారు. కాంట్రాక్టరు ఈసారి రాజహరా గనుల దగ్గర పని చూపించాడు. అది అయ్యాక ఇంకెక్కడో. క్యాంప్ 1లో గది ఖాళీ చెయ్యాలి. గనుల దగ్గర ఇచ్చేది గుడారం.

భార్య గౌరీదేవికి ఆయాసం. ఇదివరకోసారి గుడారంలో దుమ్ముకీ చెమ్మకీ ఊపిరాడక మూడు వారాలు కూర్చునే నిద్రపోయింది.

“మళ్లీ గుడారమైతే నేను బొబ్బిలి మా అన్నయ్య దగ్గరికి పోతాను. మీరొక్కరే ఉండండి,” అని తేల్చి చెప్పేసింది.

అందుకే ఈ వ్యాను. లోపల మంచం, పొయ్యిగట్టు బిగించి, దాన్నే ఇల్లు చేద్దామని అతని ఆలోచన.

“రేకు సూడు భయ్యా, ఎంత మందమో!” అన్నాడు షెడ్డు దలాలు చిట్టిబాబు. “ఏక్‌దమ్ పక్కా మాల్!”

“ఇనుం సంగతి నాకు సెప్పక్కర్లేదు,” అన్నాడు వాసుదేవరావు. మోతని బట్టి ఇనుమెంత మంచిదో చెప్పగలడని అతనికి గర్వం.

“ఇనుం మంచిదే బాబూ,” అన్నాడు సొలొమోను. “సిమెంటు బస్తాలేసుకుంటే ఎన్నాళ్లైనా తిరుగుతాది. మనుసులు పడుకోడానికి పనికిరాదు. ఆ మూల రొట్టెల వ్యాను సూడు.”

చిట్టిబాబు పళ్లు కొరికాడు. “నీ నోటికి తాళమెయ్యి సొలొమోనూ!”

రొట్టెల వ్యాను చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. రంగు పెచ్చులూడింది. ముందు దీపం ఒకటి లేదు. పైకప్పు గూనివాడి వీపులా లేచింది.

“ఆ డొక్కుబండోడు నీకెంతిచ్చేడేటి?” అన్నాడు వాసుదేవరావు సొలొమోనుతో.

“ఊరుకోండి,” అంది పక్కనే ఉన్న గౌరీదేవి.

సొలొమోను నవ్వాడు. “ఏటీ ఇవ్వనేదు బాబూ. అమ్మా, నువ్వు రా. ఇల్లయితే నించుని సూత్తారు. పడుకునే బండిని పడుకునే సూడాల.”

నీలం వ్యానులో గోనెసంచి పరిచాడు. జేబులోంచి తాళం తీసి ఇంజను ఆడించాడు.

పట్టపగలు, ముగ్గురు మగాళ్ల ముందు పడుకోవడమంటే గౌరీదేవికి సిగ్గేసింది. కొంగు మొహం మీదకి లాక్కుని పడుకుంది.

రెండు నిమిషాలు కాలేదు. దగ్గుకుంటూ లేచి, తలుపు పట్టుకుని కిందకి దిగింది. ఈలలాంటి ఆ ఊపిరి చప్పుడు వాసుదేవరావుకి బాగా తెలుసు.

“నేలలోంచి పొగొత్తాది,” అన్నాడు సొలొమోను ఇంజను ఆపి. “ఎన్నిసార్లు పూడ్సినా ఒత్తాది. నువ్వు ముందు కూకుని తోలుకుంటావు, నీకు తెలీదు. ఎనకాల ఈ అమ్మ పడుకుంటాది.”

ఆమె కాస్త కుదుటపడ్డాక రొట్టెల వ్యానులో గోనె పరిచారు. దాని ఇంజనూ ఆడించారు.

రెండు నిమిషాలయింది. అయిదయింది. దగ్గు వినపడలేదు. వాసుదేవరావు కంగారుగా లోపలికి తొంగిచూశాడు.

గౌరీదేవి కొంగు తీసేసి పైకి చూస్తోంది. రొట్టెలకి చెమ్మ పట్టకుండా కప్పు కింద నాలుగు వైపులా జాలీలు పెట్టారు.

“ఇందులో గాలాడతందండీ,” అంది.

వాసుదేవరావు అదే కొన్నాడు. ఇనుము తెలిసినవాణ్ణి గాలి సంగతిలో ఓడించారన్న ఉక్రోషం మాత్రం పోలేదు.

“నీ దలాలీ ఈ బండోడి కాడే ఒసూల్ సేసుకో,” అని సొలొమోనుకేసి ఓ మాట విసిరి బయల్దేరాడు.

సొలొమోను గోనెసంచి దులిపి మడిచాడు. గౌరీదేవికి మాత్రం, “మెల్లగా ఎల్లండమ్మా,” అన్నాడు.

ఆ వానాకాలం రాజహరాలో గుడారాలు మూడుసార్లు ఎగిరిపోయాయి. ఎర్రబురద మోకాళ్ల దాకా వచ్చింది. గౌరీదేవి మాత్రం కాలమంతా పడుకునే నిద్రపోయింది. పక్కన మెలకువగా ఉండి ఆమె ఊపిరి వింటూ, జీవితంలో ఎవరికీ మొక్కని వాసుదేవరావు ఆ ఖాకీ చొక్కా మనిషిని తలుచుకుని చేతులు జోడించాడు.

దసరాకి సెలవు దొరికింది. గౌరీదేవి బెల్లం గవ్వలు చేసింది. అతను కొత్త ఖాకీ బట్ట కొన్నాడు. ఇద్దరూ షెడ్డుకి వచ్చారు.

“మీ మెకానిక్కు సొలొమోను ఏడీ?”

“మెకానిక్కా?” చిట్టిబాబు ఎగాదిగా చూశాడు. “ఎవులు సెప్పేరు?”

“పోనీ, ఎవుడైతే ఏటి? ఎక్కడుంటాడు? ఆరోజు నోరు జారేను. ఓ మాట సెప్పుకోవాల.”

“కిందటి నెల్లోనే ఊరెళ్లిపోయేడు. మళ్లీ రాడు.”

గౌరీదేవి చేతిలోని డబ్బా కేసి చూసుకుంది.

“వయసైపోయిందని కాంట్రాక్టరు తీసేసేడు భయ్యా. ఊళ్లో సైకిళ్ల కొట్టెట్టుకోడానికి ఆడికున్న ఆధారం ఒకటే. నాలుగు నెల్లు రోజూ ఇక్కడికొచ్చేవోడు. బేరగాడొస్తే సాలు, కాపురానికా, సామాన్లకా అని అడిగేవోడు. కాపురానికంటే బేరం సెడగొట్టేసేవోడు. సామాన్లకని ఒక్కడూ రానేదు. ఆఖరికి ముక్కలు కోసి తుక్కుకిచ్చేసి దుర్గ్‌లో రైలెక్కేసేడు.”

“ఏటి తుక్కుకిచ్చేడు?”

“నీకింకా తెలీదేటి?” అన్నాడు చిట్టిబాబు. “ఆ నీలం వ్యాను సొలొమోనుదే.”