దోస్తుకు అమ్మిన కారు

"కారు మళ్లీ ఆగింది మోయిజ్. జల్దీ రా."

ఫోన్‌లో జస్టిన్ గొంతు వినగానే మోయిజ్ చాయ్ కప్పు పక్కన పెట్టేశాడు.

"ఎక్కడ?"

"కొత్తగూడెం దారిల. అడవి మొదలైతది చూడు, ఆడ."

"మెకానిక్‌ను పిలిచినవా?"

"పిలుస్త గాని, అమ్మినోడివి నువ్వు. ముందు నువ్వు రా."

ఫోన్ పెట్టేశాడు. వంటింట్లోంచి అక్క బేగం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు అంతా వినబడింది.

"అయిందా? నేను ముందే చెప్పిన. సత్తుపల్లి బ్రోకర్‌కు అమ్ము, ఊరు దాటిపోతది అంటే వింటివా? దోస్తుకే అమ్మితివి. ఇప్పుడు బండి వాని ఇంట్ల, దాని రోగమంతా నీ నెత్తి మీద."

"అమ్మిననాడు మంచిగనే ఉండె ఆపా."

"ఆ ముచ్చట జస్టిన్‌కు చెప్పు. మోయిజ్ నాకు డొక్కు బండి అంటగట్టిండని వాడు జూలూరుపాడు సెంటర్ల నిలబడి ఒక్క మాటంటే, మన బట్టల దుకాణం గడప ఎవరు తొక్కుతరు?"

మోయిజ్ భయమూ అదే. భార్య ఫరహా చనిపోయాక ఆ కారును వాకిట్లో చూడలేక అమ్మకానికి పెట్టాడు. ఆమె కూర్చున్న సీటు కళ్లబడితే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు. నాకియ్యి అన్నాడు జస్టిన్. ఇచ్చేశాడు. అప్పట్నుంచీ ఇదే తంతు. ఓసారి పాల్వంచలో ఆగింది. ఇంకోసారి కిన్నెరసాని కట్ట దగ్గర. ఆగిన ప్రతిసారీ మోయిజ్ పరుగెత్తడం, మెకానిక్ వస్తున్నాడని జస్టిన్ చెప్పడం, ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చోవడం, పొద్దువాలే వేళకు అది దానంతటదే స్టార్ట్ కావడం. కిన్నెరసాని దగ్గరైతే జస్టిన్ భార్య మరియ కట్టిచ్చిన చేపల పులుసు ఇద్దరూ పంచుకుని తిన్నారు. ఆ రాత్రి మోయిజ్‌కు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. తెల్లారి లేవగానే మళ్లీ అదే సిగ్గు. ప్రాణస్నేహితుణ్ణి ముంచినవాడి సిగ్గు.

"ఇయ్యాల తేల్చేస్త ఆపా. కారు వాపస్ తీసుకుంట."

"తెచ్చి మళ్లా ఆ వాకిట్లనే పెడతవా?" బేగం గొంతు మెత్తబడింది. "చూడగలవా తమ్మీ?"

మోయిజ్ చెప్పులేసుకుని ఆటో ఎక్కాడు.

టేకు చెట్ల నీడలో, రోడ్డు వారన కారు నిలబడి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. జస్టిన్ కల్వర్టు గోడ మీద కూర్చుని సీతాఫలం తింటూ గింజలు కాలువలోకి ఊస్తున్నాడు. మోయిజ్‌ను చూడగానే సగం పండు చాపాడు.

"తిను. మంచిగ మాగింది."

"నాకొద్దు. తాళం ఇటియ్యి."

"ఎందుకు?"

"కారు తీసుకపోత. నీ పైసలు నీకు ఇస్త."

జస్టిన్ నమలడం ఆపాడు. "నేనియ్య."

"రోజూ ఆగే బండి నీకెందుకురా?"

"నాకు నచ్చింది."

"ఏం నచ్చింది? నన్ను నడిరోడ్డు మీదికి పిలిచి నిలబెట్టుడు నచ్చిందా? మోసగాన్ని చూసినట్టు చూసుడు నచ్చిందా?"

"నేనెప్పుడన్న ఒక్క మాటన్ననా?"

"అననక్కర లేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నాకు భూమిల కూరుకపోయినట్టయితది." మోయిజ్ కారు వైపు చెయ్యి చూపించాడు. "ఫరహా పోయింది. ఇప్పుడు గీ కారు పేరు చెప్పి నువ్వు కూడ దూరమైతే నాకు ఇంకెవరున్నర్రా?"

జస్టిన్ లేచి నిలబడ్డాడు. మోయిజ్ అతని జేబులోంచి తాళం లాక్కున్నాడు. బానెట్‌ను దబ్బున మూశాడు. డ్రైవర్ తలుపు తీసి, ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాడు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని సీట్లో కూర్చున్నాడు. ఎడమ పక్కకు చూడలేదు.

"దీన్ని తోసుకుంటనన్న ఇంటికి తీసుకపోత," అన్నాడు పళ్ల బిగువున.

తాళం తిప్పాడు.

ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, కుదుపు లేదు. అమ్మిననాటికంటే నున్నగా మోగుతోంది. మోయిజ్ ఆపేసి మళ్లీ తిప్పాడు. మళ్లీ స్టార్టయింది. ఇంకోసారి. ఇంకోసారి కూడా.

అప్పుడు నెమ్మదిగా తల తిప్పి కిటికీలోంచి చూశాడు. జస్టిన్ తల దించుకుని, సీతాఫలం గుజ్జంటిన వేళ్లు రుమాలుతో తుడుచుకుంటున్నాడు.

"జస్టిన్, దీనికి అసలు ఏమైతున్నదిరా?"

"ఏం కాలేదు. కొన్ననాటి సంది ఒక్కసారి కూడ ఆగలే," అన్నాడు జస్టిన్ తల ఎత్తకుండానే. "ఇంట్ల కూసుంటే పిచ్చోనివైతవు, జర బయటికి పోదాం రారా అని నెలల తరబడి బతిమాలితే గడప దాటకపోతివి, కారు ఆగిందంటే మాత్రం పిలిచినప్పుడల్లా ఉరికొస్తివి."